మా మిల్లు దంత రిజిస్టరు

లెక్కల్లో నేను తప్పు చేయను. గొప్ప కోసం చెప్పుకునే మాట కాదిది. గంగన్నపేట నూలు మిల్లులో పదకొండేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నూలు కండెలు లెక్కపెట్టాను, పత్తి బేళ్లు లెక్కపెట్టాను, ఆఖరికి సాటి మనుషుల నోళ్లలోకి తొంగిచూసి పళ్లు కూడా లెక్కపెట్టాను. ఆ ఆఖరి లెక్క సంగతి చెప్పడానికే ఇప్పుడు కలం పట్టాను.

మా మేనేజరు బ్రాక్స్టన్ దొర. అందరిలాంటి ఇంగ్లీషు దొర కాదు, అమెరికా దొర. అక్కడ కరొలైనా అనే చోట నూలు మిల్లుల్లో ఇరవయ్యేళ్లు పనిచేసి, ఆ అనుభవమంతా మనకు ధారపోయడానికి ఓడెక్కి వచ్చాడు. తెలుగు ఆ ఓడలోనే నేర్చుకున్నాడు, ఎవరో పాతకాలపు పండితుడి వ్యాకరణం ముందు పెట్టుకుని. అందుచేత ఆయన మంచినీళ్లు అడిగినా పురాణం చదువుతున్నట్టుండేది. "ఓయీ! నాకు మిగుల దప్పిక యగుచున్నది" అంటే మా ప్యూను భక్తిగా చేతులు జోడించేవాడే తప్ప నీళ్లు తెచ్చేవాడు కాదు.

కరొలైనా నుంచి దొర రెండు పద్ధతులు వెంటతెచ్చాడు. మొదటిది ఇళ్ల పద్ధతి. కూలీలకు మిల్లే ఇళ్లు కట్టించి ఇస్తుంది. కాని ఇంట్లో ఎన్ని గదులుంటే అంతమంది మిల్లులో పని చేయాలి. ఒక మనిషి తగ్గితే సామాను వీధిలో ఉంటుంది. రెండోది పిల్లల్ని పనిలో పెట్టుకునే పద్ధతి. "మా దేశమునందు బాలబాలికలు సూర్యోదయమునకు పూర్వమే మిల్లునకు ఉత్సాహముతో పరుగిడుదురు. తెగిన పోగులను అతుకుటకై భగవంతుడే వారికి చిన్నవ్రేళ్లు నిర్మించినాడు" అనేవాడు దొర. ఆ వేళ్లు చేసేటప్పుడు భగవంతుడు దొరను సంప్రదించే ఉంటాడని మాకందరికీ నమ్మకం కుదిరింది.

అలా మా మిల్లులో అరవైమంది పిల్లలు ఉండగా సర్కారు చట్టం ఒకటి వచ్చిపడింది. తొమ్మిదేళ్లు నిండనివాళ్లని పనిలో పెట్టుకోకూడదట.

దొర బెదరలేదు. "మా కరొలైనాలో ఇట్టి చట్టములు పెక్కు గలవు. తండ్రి ఒక కాగితముపై చేవ్రాలు చేసిన మాత్రమున బిడ్డకు వలసినన్ని యేండ్లు నిండును" అన్నాడు. చిక్కేమిటంటే, మా కూలీల్లో సగంమంది తండ్రులు రంగూన్‌లో ఉన్నారు. ఇక్కడున్న తల్లులను పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగితే, పెద్ద గాలివాన తర్వాత, దూడ చచ్చిపోకముందు, అని చెబుతారు. ఈ సంగతి మేం పైకి రాస్తే, పైనుంచి సర్క్యులరు దిగింది. జనన ప్రమాణము లేనిచోట వయస్సును దంతములచే నిర్ణయింపవలెను. తగినన్ని దంతములున్న వ్యక్తికి తొమ్మిదేండ్లు నిండినట్లు భావింపవలెను.

తగినన్ని అంటే ఎన్ని? దీనిమీద ఆఫీసులో సభ జరిగింది. దొర, సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే డాక్టరు సోమయాజులు గారు, కలం పట్టుకుని నేను.

"దంతశాస్త్రము మహాసముద్రము," అని మొదలుపెట్టారు డాక్టరు గారు. "తొందరపడి ఒక సంఖ్య చెప్పుట నాబోటివానికి తగదు."

"మన మిల్లులోని పిల్లలకు ఎన్ని గలవు?" అని అడిగాడు దొర.

నేను అప్పటికే చూసి ఉంచాను. "ఇరవై చొప్పున ఉన్నాయండి."

"అటులైన తగినన్ని యనగా ఇరువది," అన్నాడు దొర.

"నా శాస్త్రము కూడ అక్కడికే వచ్చుచున్నది," అన్నారు డాక్టరు గారు.

మూడేళ్ల పసివాడికి కూడా ఇరవై పళ్లుంటాయి. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. జీతగాడి నోటి చివర వచ్చిన మాట ఎక్కడికి పోతుందో అక్కడికే పోయింది.

మర్నాడు దంత రిజిస్టరు తెరిచాం. ఎర్ర అట్ట, నీలం గీతలు, పేరుకొక పేజీ. పిల్లలు వరసగా వచ్చి నోళ్లు తెరిచారు, నేను లెక్కపెట్టాను, డాక్టరు గారు సంతకం పెట్టారు. పొద్దెక్కేసరికి అరవైమందికీ తొమ్మిదేళ్లు నిండిపోయాయి. ఊళ్లో ఏ ఇంటా పాయసం వండిన జాడ లేదు.

ఆ వరసలో ఒక పిల్లను మాత్రం రెండుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. పేరు అసిరితల్లి, అందరూ అసిరి అంటారు. నా చేతిలో గడ్డం పెట్టి, నోరు తెరిచి, పన్నెండో పన్ను దగ్గర నిద్రపోయింది. వాళ్లమ్మ గవిరమ్మ వెనకనుంచి వచ్చి పిల్ల తల నిలబెట్టింది.

"కానీండి గుమస్తా బాబూ, దీనికి నిదర నేదు. ఐదింటికి కూతెడతారా, అది మంచం మీదే ఏడుపెత్తుకుంతాది," అంది.

అసిరికి ఆరేళ్లుంటాయి. తండ్రి రంగూన్ వెళ్లినవాడు తిరిగి రాలేదు. వాళ్ల ఇల్లు నిజానికి ఒక్క గది. పక్కన తాటాకు చాపతో మూసిన వంటపాక ఉంది, అందులో కుడికొమ్ము విరిగిన నల్లమేకను కట్టేస్తారు. దొర ఇళ్లు కొలిచిన రోజున ఆ పాకలోకి కూడా తల పెట్టి, "ఇది రెండవ గది" అన్నాడు. మేక ఏదో చెప్పబోయింది కాని దొర వినలేదు. రెండు గదులు కాబట్టి ఇద్దరు పనివాళ్లు. గవిరమ్మ ఒకతె, అసిరి ఒకతె. మేకకు వేళ్లు లేకపోవడం అసిరి దురదృష్టం.

ఆ పిల్లకు లోకంలో కావలసింది ఒక్కటే, మిల్లు కూత విని కూడా లేవక్కర్లేని పొద్దు. అది దొరక్క యంత్రం పక్కన నిలబడే నిద్రపోయేది. ఒకసారి జడ కొస బెల్టులో పడింది. అప్పలసూరి మేస్త్రీ చూసి, ఒక్క ఉదుటున వచ్చి, జడ బెత్తెడు కోసేసి పిల్లను దక్కించాడు. ఆ మేస్త్రీకి అరవై దాటాయి. పిల్లల మధ్య తిరుగుతూ, తూలిన పిల్లనల్లా వీపు తట్టి నిలబెట్టడమే ఆయన రోజంతా చేసే పని. ఆ తట్టడం లేకపోతే ఎన్ని వేళ్లు పోయి ఉండేవో నేను లెక్క కట్టలేదు, కట్టాలనీ లేదు.

నియమం అందరికీ ఒకటే ఉండాలని దొర పట్టుబట్టడంతో పెద్దవాళ్ల పళ్లు కూడా రిజిస్టరులో ఎక్కించాం. అప్పలసూరి మేస్త్రీకి ఏడున్నాయి. ఏడు అని రాశాను.

పదిరోజుల్లో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు రావుబహద్దరు పద్మనాభం పంతులు గారు తనిఖీకి వచ్చారు. నిబంధనకు బయట ఏ వస్తువునూ చూడని మనిషి. వస్తూనే అరవైమంది పిల్లల మధ్యనుంచి నడిచి, రిజిస్టరు ముందు కూర్చుని, "భేష్! ఒక్క బాలకార్మికుడైనను కనబడలేదు" అన్నారు. ఇంకో పేజీ తిప్పి ఉలిక్కిపడ్డారు.

"అప్పలసూరి. దంతములు ఏడు. ఏడు దంతములవాడు పాలు తాగు శిశువు కదయ్యా! వానిని పనిలో పెట్టుదురా? వెంటనే ప్రవేశపెట్టుడు!"

మేస్త్రీ తలపాగా సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు. తెల్లటి మీసాలు చెవులదాకా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు గారు మీసాలను చూశారు, సర్క్యులరును చూశారు, మళ్లీ మీసాలను చూశారు.

"మీసముల ప్రస్తావన సర్క్యులరులో లేదు," అన్నారు చివరికి. "బాబూ, మీ తండ్రిగారిని పిలుచుకుని రా."

"మా బాబు పోయి ముప్పయ్యేళ్లు అయిపోనాది బాబయ్యా."

"అయ్యో పాపము! అనాథ కూడ!"

ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. మేస్త్రీని అప్పటికప్పుడు పనిలోంచి తీయించి, సర్కారు తరఫున ఒక పలకా, రెండు బలపాలూ, బెల్లంముక్కా ఇప్పించి బడికి వెళ్లమన్నారు. పిల్లల వీపు తట్టే చెయ్యి ఆ పూటతో పోయింది. గవిరమ్మ మొహం ఆ రోజునుంచి పాలిపోయింది.

వెళ్లబోతూ ఇన్‌స్పెక్టరు గారు, "బాలుర విషయమున మీ శ్రద్ధ కొనియాడదగినది. మరి వృద్ధులకేమి చేయుచున్నారు?" అని అడిగారు. దొర తడుముకోకుండా ఒక పథకం ప్రకటించాడు. రిజిస్టరుకు ఎక్కిన తర్వాత, పనిలో ఉండగా, ఎవరికైతే నాలుగు పళ్లు ఊడతాయో వారిని వృద్ధులుగా పరిగణిస్తారు. ఒక శాలువ, ఒక చేతికర్ర ఇచ్చి పని మానిపిస్తారు. ఇల్లు జీవితాంతం వారిదే, ఆ గదికి వేరే మనిషిని పంపనక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు గారు ముగ్ధులై అది తమ తనిఖీ పుస్తకంలో ఎక్కించుకుని ముద్ర వేశారు.

ఆయన వెళ్లాక దొర నన్ను చూసి కన్ను గీటాడు. "ఈ పథకమునకు అర్హుడు ఇరువది యేండ్ల వరకు పుట్టడు. అదియే దీని సౌందర్యము."

పళ్లు ఊడాక రిజిస్టరుకెక్కితే బాలుడు, రిజిస్టరుకెక్కాక ఊడితే వృద్ధుడు. ఈ తేడా నేను చక్కని దస్తూరీతో రాసి గోడకు అంటించాను.

అంటించిన జిగురు ఆరకముందే అసిరికి ముందుపన్ను ఊడింది.

గవిరమ్మ పరుగున ఆఫీసుకొచ్చింది. "బాబూ, ఇరవైకి ఒకటి తగ్గిపోనాది. మమ్మల్ని ఇంట్లోంచి తోలెత్తారేటి?"

"ఊడిన పన్ను ఆఫీసులో దాఖలు చెయ్యాలి," అన్నాను. అలాంటి నియమం ఒకటి నేనే రాశాను, నా ఖర్మ. "పన్నేదీ?"

"మిల్లు మీదకి ఇసిరేసినాను," అంది అసిరి, తల్లి కొంగు వెనకనుంచి.

పేడలో చుట్టి ఇంటి కప్పు మీదకు విసిరితేనే కొత్త పన్ను వస్తుందని ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఊడిన వేళకు అసిరి మిల్లులో ఉంది కాబట్టి మిల్లు రేకుల మీదకు విసిరింది. డాక్టరు గారు కళ్లారా చూడందే అభిప్రాయం రాయనన్నారు. నేను పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాను. కింద పనంతా ఆగిపోయి ఆరువందలమంది పైకి చూస్తూండగా, ఎండకు కాలిపోతున్న రేకుల మీద పాకి పాకి, పేడ ఉండను పట్టుకుని దిగాను. నా పదకొండేళ్ల సర్వీసులో నాకు చప్పట్లు కొట్టడం అదొక్కసారే.

కింద అసిరి గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఎందుకే ఏడుపు? పన్ను రిజిస్టరులో భద్రంగా ఉంటుంది."

"ఆపీసులో ఎట్టీత్తే కొత్తది ఆపీసులోనే మొలుత్తాది!" అంది వెక్కుతూ.

డాక్టరు గారు పన్ను చూసి తిరిగి ఇచ్చాక, మళ్లీ నిచ్చెన ఎక్కి దాన్ని ఎక్కడ తీశానో అక్కడే పెట్టి వచ్చాను. ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? ఆ ఏడుపు నేను భరించలేకపోయాను.

డాక్టరు గారు ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున్నే రాసిచ్చిన అభిప్రాయం ఇది. "ఈ వ్యక్తికి తొమ్మిదేండ్లు నిండినట్లు నేనే సంతకము చేసియున్నాను. తొమ్మిదేండ్లు నిండిన వ్యక్తికి ముందు పాలపండ్లు ఉండుట శాస్త్రవిరుద్ధము. కావున ఇది పాలపన్ను కాదు. పాలపన్ను కాని పన్ను దానంతటది ఊడుటకు కారణము వార్ధక్యము."

"ఆరేళ్ల పిల్లకు వార్ధక్యమేమిటండీ?" అన్నాను.

"అది పాలపన్నని నేను రాసితినా, అరవై సర్టిఫికెట్లు తప్పగును. అరవై తప్పులకంటె ఒక వృద్ధురాలు మేలు కాదుటయ్యా?"

నెల తిరక్కుండా అసిరికి రెండోది, మూడోది, నాలుగోది కూడా ఊడాయి. నాలుగుసార్లూ నేను నిచ్చెన ఎక్కాను, నాలుగుసార్లూ తిరిగి పెట్టాను. నాలుగోది ఊడిన రోజున దొర నెత్తి పట్టుకు కూర్చున్నాడు. పిల్ల అని ఒప్పుకుంటే కేసు, ముసలిది అని ఒప్పుకుంటే శాలువ. శాలువే చవక.

మిల్లు ఆవరణలో పందిరి వేసి వీడ్కోలు సభ జరిపారు. పది నెలలు పనిచేసిన అసిరితల్లి గారిని కుర్చీలో కూర్చోబెడితే కాళ్లు నేలకు అందలేదు, కింద పత్తి బేలు పెట్టాం. బంతిపూల దండ వేస్తే మోకాళ్ల దాకా వచ్చింది. దొర లేచి నిలబడ్డాడు.

"సభాసదులారా! ఈ పూజ్యురాలు తన యౌవనమంతయు మన మిల్లునకు సమర్పించినది. ఈమె శేషజీవితము ప్రశాంతముగా గడచుగాక! ఈమె యనుభవము మన యువకార్మికులకు మార్గదర్శకమగుగాక!"

యువకార్మికుల్లో ఏభైయేళ్లవాళ్లు చాలామంది ఉన్నారు. అందరూ గంభీరంగా చప్పట్లు కొట్టారు. పూజ్యురాలు నోరు తెరుచుకుని, పళ్లు లేని సందులోంచి చిన్నగా గురకపెడుతూ నిద్రపోయింది. లేపి చేతికర్ర చేతికిస్తే, దాన్నే గుర్రం చేసుకుని, శాలువ నేలమీద ఈడ్చుకుంటూ ఇంటికి పరుగెత్తింది. గవిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

ఇక చూడండి, మిల్లులో ముసలితనం అంటువ్యాధిలా ప్రబలింది. పిల్లలు పని చేస్తూ నాలుకతో పళ్లు కదిపేవారు. కాస్త కదిలిన పంటికి మా మిల్లు నూలే కట్టి, కొస తిరిగే కండెకు తగిలించేవారు. మా నూలు తెగదన్న సంగతి ఆ విధంగా రుజువైంది. రోజుకు రెండు మూడు పేడ ఉండలు పైకి లేచేవి. నా నిచ్చెనకు ఆవరణలో శాశ్వతంగా ఒక స్థలం కేటాయించారు. రెండు నెలల్లో ఇరవైముగ్గురు వృద్ధులయ్యారు. మిల్లు ఇళ్ల మధ్య వీధిలో పొద్దస్తమానం వాళ్లు చేతికర్రలతో బిళ్లంగోడు ఆడేవారు. వాళ్లందరిలోకీ బాలుడు అప్పలసూరి మేస్త్రీ ఒక్కడే కనుక, బిళ్ల ఎంత దూరం పోయినా ఆయన్నే తెమ్మనేవారు.

ఈ కబురు పై ఆఫీసుకు చేరింది. రాష్ట్రం మొత్తంలో ఎక్కడా లేనంతమంది వృద్ధులకు విశ్రాంతినిచ్చిన మిల్లుగా మాకు వెండి పతకం ఇస్తామనీ, ఇన్‌స్పెక్టరు గారే వచ్చే సోమవారం తెచ్చి ఇస్తారనీ ఉత్తరం వచ్చింది. దొర సంతోషించడానికి వీల్లేకపోయింది. ఇరవైమూడు యంత్రాల దగ్గర పోగులు తెగిపోయి వేలాడుతున్నాయి.

అప్పటికి అసిరికి కొత్త పళ్లు నాలుగూ మొలిచి రెండు వారాలైంది.

డాక్టరు గారు పరీక్షించి, "వార్ధక్యము నయమైనది. వైద్య చరిత్రలో అపూర్వము," అని రాసిచ్చారు. దొర లేచి గంతేశాడు. "కోలుకొనిన వృద్ధులు మరల పనిలో చేరవలెను. చేరనిచో ఇల్లు పోవును. సోమవారము ఇన్‌స్పెక్టరు గారి సమక్షముననే ఈ వృద్ధురాలి దంతములు లెక్కించి, ఇరువది యని వ్రాసి, పనిలోనికి పంపుము. తక్కినవారు తమంతట తాము వత్తురు."

ఆదివారం సాయంత్రం గవిరమ్మ మా ఇంటికొచ్చింది. అసిరి గుమ్మంలో మేకను పట్టుకుని నిలబడింది. రెండు నెలలు కంటినిండా నిద్రపోయిన పిల్ల ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. బుగ్గలు వచ్చాయి. కళ్లకింద నలుపు పోయింది. ఎవరో వేరే పిల్లనుకున్నాను.

"బాబూ, నాను సదువు లేనిదాన్ని. మీరు పంతొమ్మిదని రాసీండి సాలు," అంది గవిరమ్మ.

"అందరి ముందూ లెక్కపెట్టాలమ్మా. ఇన్‌స్పెక్టరు గారు మళ్లీ లెక్కపెడతారు."

"మేస్త్రీ కూడా నేడు గదా బాబూ అక్కడ. తూలితే అట్టుకునేవోళ్లెవరు?"

వాళ్లు వెళ్లిపోయాక గోడకు అంటించిన నా దస్తూరీ పదే పదే గుర్తొచ్చింది. ఈ గొడవంతటికీ దొర ఎంత కారణమో నా చక్కటి దస్తూరీ అంత కారణం. సిగ్గేసింది. దంత రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని, మొదటి పేజీలో అతికించిన సర్క్యులరు ఏడెనిమిది సార్లు చదివాను.

సోమవారం పందిరి కిందే సభ. ఇన్‌స్పెక్టరు గారు పతకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అసిరి నోరు తెరిచింది. చేత్తో మేక తాడు మాత్రం వదల్లేదు.

"ఇరవై," అన్నాను.

దొర మొహం వెలిగింది.

"కాని అయ్యా, ఒక మనవి. వయస్సును దంతములచే నిర్ణయింపవలెనని సర్క్యులరు. ఈ ఇరవైలో పదహారు దంతములు మొదటినుంచి ఉన్నవి. వాటికి తొమ్మిదేండ్లు నిండినట్లు డాక్టరు గారి సంతకము ఉన్నది. ఈ నాలుగు దంతములు పుట్టి మూడు వారములు. వీటి జనన తేదీలు నేను రిజిస్టరులో ఎక్కించితిని. మూడు వారముల దంతములను పనిలో పెట్టుకొనవచ్చునా అని ఏలినవారిని సలహా అడుగుచున్నాను."

ఇన్‌స్పెక్టరు గారు సర్క్యులరు తెప్పించుకుని చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. అంత ఆనందం నేను ఆయన మొహంలో ఎప్పుడూ చూడలేదు.

"జనన ప్రమాణమున్న దంతములు! ఈ శాఖ చరిత్రలో ఇదే ప్రథమము! మిస్టర్ బ్రాక్స్టన్, మూడు వారముల వయస్సు గల నలుగురిని మీరు పనిలోనికి తీసుకొనబోవుచున్నారా?"

"ఇది అసంబద్ధము!" అని అరిచాడు దొర. "ఇది వట్టి బాలిక! బాలికలకు పాలపం..."

డాక్టరు సోమయాజులు గారు దొర కాలు గట్టిగా తొక్కారు. అరవై సర్టిఫికెట్లు, వెండి పతకం, రెండూ దొర కళ్లముందు తిరిగి ఉంటాయి. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"ఏమంటిరి?"

"పాలపంటలు... సమృద్ధిగా పండుగాక, యంటిని."

ఇన్‌స్పెక్టరు గారు న్యాయమూర్తిలా ఆలోచించారు. "మిల్లునకు అన్యాయము జరుగరాదు. వయస్సు నిండిన పదహారు దంతములు పనికి రావచ్చును. నిండని నాలుగు ఇంటివద్ద ఉండవలెను. అమ్మా, పదహారింటిని విడిగా పంపగలవా?"

గవిరమ్మ ఆయన మొహం, కూతురి మొహం మార్చి మార్చి చూసింది. "అవి దాన్నొగ్గీసి రావు బాబూ."

"అటులైన నిర్ణయము సులభము. ఆ నాలుగు దంతములకు తొమ్మిదేండ్లు నిండువరకు ఈమెను ఏ మిల్లును పనిలో పెట్టుకొనరాదు. ఈ తీర్పు కొత్త దంతములు గల వృద్ధులందరికీ వర్తించును. ఇల్లు పథకము ప్రకారము వీరిదే." అని సంతకం చేసి, ముద్ర వేసి, పతకం దొర కోటుకు గుచ్చారు. కొంచెం లోతుగా గుచ్చినట్టున్నారు, దొర కెవ్వుమన్నాడు.

ఉత్తరువు నకలు అసిరితల్లి గారికి స్వయంగా చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. మర్నాడు ఎనిమిది గంటలకు వాళ్లింటికి వెళ్లాను. మిల్లు కూత కూసి మూడు గంటలైంది. కుక్కిమంచం మీద అసిరి శాలువ కప్పుకుని నిద్రపోతోంది. తాటాకు సందులోంచి ఎండ మొహం మీద పడుతోంది. మేక మంచం కోడు నాకుతోంది. ఉత్తరువు విప్పి పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నాకు పిల్లల్లేరు. ఒకరు నిద్రపోతూంటే నిలబడి చూడటం అంత బాగుంటుందని అప్పటిదాకా తెలియదు. లేపలేదు. కాగితం మడిచి మేకకు అందనంత ఎత్తున చూరులో దోపి వచ్చేశాను.

ఆ వారంలోనే దొర ఖాళీలకు దండోరా వేయించాడు. ఇరవై పళ్లుంటే చాలు. గేటు దగ్గర తల్లులు వరస కట్టారు, చంకల్లో మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు. వృద్ధులు లేని ఇళ్లకు రెండో గదికి మనిషి కావాలి కదా, వాళ్లేం చేస్తారు? మొదటివాడు బొటనవేలు నోట్లోంచి తీసి నోరు తెరిచాడు. తెల్లగా, వరసగా, ఇరవై ఉన్నాయి.

"పంతొమ్మిది," అని రాశాను.

తర్వాతవాడికీ పంతొమ్మిదే. ఆ తర్వాత పిల్లకీ పంతొమ్మిదే. సాయంత్రానికి దొర అనుమానంగా వచ్చాడు. "ఈ యూరి బిడ్డలందరికి పంతొమ్మిదే యేల?"

"నీళ్ల లోపమండి."

"మరి వీరి రెండవ గదులకు పనివారెవరు?"

"గదులు మళ్లీ కొలవాలండి. మేకను కట్టేసే పాకను గది అనకూడదని ఇన్‌స్పెక్టరు గారి అభిప్రాయం," అన్నాను. ఆయన అలా అనలేదు, కాని అడిగితే అనేవారే. ఆయన పేరు వినగానే దొర చెయ్యి పతకం కింద గాయం మీదకు పోయింది. సరే కొలువుమన్నాడు.

నేను టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో కొలిచి బయటికొచ్చేసరికి, నా ముందే శాలువ కట్టుకున్న ఒక వృద్ధురాలు చేతికర్రతో మేకను తోలుకుంటూ పక్కింట్లోకి దూరేది. వెనక గడ్డిమోపు పట్టుకుని అప్పలసూరి మేస్త్రీ. మొత్తం నలభైయొక్క ఇళ్లు. నలభైయొక్క వంటపాకలు, నలభైయొక్క నల్లమేకలు, అన్నిటికీ కుడికొమ్మే విరిగింది. ఒక్కటీ వదలకుండా అన్నీ రిజిస్టరులో రాశాను.

లెక్కల్లో నేను తప్పు చేయను.